మధ్య పదాన్ని విడగొట్టడం

పర్లాకిమిడిలో మా అరుగు మీదకి ట్యూషన్‌కొచ్చే పిల్లలు లెక్క ఒడియాలో చేస్తారు, తప్పు మాత్రం తెలుగులో ఒప్పుకుంటారు.

6ఎక్స్² + 5ఎక్స్ − 6 తీసుకోండి. దీన్ని రెండు బ్రాకెట్ల లబ్ధంగా, అంటే కారణాంకాలుగా రాయాలి; అందుకు మధ్యలోని 5ఎక్స్‌ని రెండుగా విడగొడతాం. మొదటి గుణకాన్నీ చివరి సంఖ్యనూ గుణిస్తే −36. అంటే గుణిస్తే −36, కూడితే 5 వచ్చే జత కావాలి. గాల్లో ఊహించొద్దు. గుణిస్తే 36 వచ్చే జతల్ని 1–36, 2–18, 3–12, 4–9 అని పలక మీద రాసుకుంటూ పోండి. గుణిస్తే మైనస్సు రావాలంటే ఒకటి ప్లస్సు, ఒకటి మైనస్సు కావాలి, అందుకే తేడా చూడాలి. తేడా 5 ఎక్కడొచ్చింది? 9, 4 దగ్గర. మధ్య పదం ప్లస్సు కాబట్టి పెద్దదానికి ప్లస్సు.

6ఎక్స్² + 9ఎక్స్ − 4ఎక్స్ − 6. ముందు జంట 3ఎక్స్(2ఎక్స్ + 3) అవుతుంది. రెండో జంటలోంచి −2 బయటికి లాగాలి, ఉత్త 2 కాదు. పదో తరగతిలో నేను బోల్తా పడింది సరిగ్గా ఇక్కడే. −2(2ఎక్స్ + 3). రెండు బ్రాకెట్లూ ఒకేలా రాకపోతే వెనక్కి వెళ్ళి గుర్తులు చూసుకోండి.

జవాబు (3ఎక్స్ − 2)(2ఎక్స్ + 3). ఎక్స్ బదులు 1 పెట్టి చూడండి: అటూ 5, ఇటూ 5.