అదే మాట వెతుకుతారు, కానీ కావాల్సింది నెలనెలా మారిపోద్ది, పట్టుకోవడం ఎలా

ఆవకాయ అని వెతికే వాళ్ళందరికీ కొలతలే కావాలనుకుని నా వంటల సైట్‌లో ఒక పేజీ రాసి వదిలేశా. ఏప్రిల్, మేలో బాగానే చూసేవాళ్ళు, జూన్ దాటాక వచ్చినోళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయేవాళ్ళు. ఎందుకా అని, ఏ మాటలు వెతికితే మన సైట్ గూగుల్‌లో కనిపిస్తోందో చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరిస్తే అప్పుడు తెలిసింది, మార్చి చివర్లో "ఆవకాయకి ఏ కాయలు మంచివి" అంటారు, మే వచ్చేసరికి "కేజీ ముక్కలకి ఉప్పు ఎంత", వానలు పడ్డాక "ఆవకాయ బూజు పట్టింది", "ముక్క మెత్తబడింది", "నూనె పైకి తేలట్లేదు". జాడీ మూత తీసి కంగారుపడేవాళ్ళకి నా పేజీలో ఒక్క లైన్ కూడా లేదు, నిజంగా బాధేసింది.

మీ సైట్‌లో కూడా ఇది చూసుకోవచ్చు. కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్‌కి వెళ్ళి ముందు ఒక్క పేజీని ఫిల్టర్ పెట్టండి, తర్వాత డేట్ దగ్గర కంపేర్ నొక్కి మే నెలని జులైతో పోల్చి కింద క్వెరీలు, అంటే జనం వెతికిన మాటలు, చదవండి, అంకెలు తర్వాత, ముందు మాటలు చదవండి. జనం వాడిన క్రియ చూస్తే చాలు, "పెట్టాలి" నుంచి "పాడైంది"కి మారిందంటే అవసరం మారినట్టే. ఇంప్రెషన్లు (గూగుల్‌లో మన పేజీ కనిపించిన సార్లు) ఎక్కువుండి క్లిక్కులు లేని మాటలు ముందు పట్టుకోండి, గూగుల్ మన పేజీ చూపిస్తోంది కానీ టైటిల్ చూసి ఇది నాకు కాదులే అని పోతున్నారన్నమాట. కన్సోల్ 16 నెలల డేటానే ఉంచుద్ది కాబట్టి ఏటా ఒకసారి షీట్‌లోకి దించి దాచుకోండి, నేను మొదట్లో దాచుకోలేదు.

సైట్ కొత్తదైతే, ఒక మాటని జనం ఎప్పుడు ఎక్కువ వెతికారో చూపించే గూగుల్ ట్రెండ్స్ ఉంది, 2004 నుంచి డేటా దొరుకుద్ది. మనోళ్ళు తెలుగు మాటని ఇంగ్లీష్ అక్షరాల్లో రకరకాల స్పెల్లింగులతో కొడతారు కదా, వాటన్నిటి మధ్య ప్లస్ గుర్తు పెడితే కలిపి చూపిస్తది. అందులో 100 అంటే వంద మంది కాదు, మీరు ఎంచుకున్న టైమ్‌లో అన్నిటికన్నా ఎక్కువ వెతికిన రోజో వారమో అది. కింద రైజింగ్ లిస్ట్‌లో, అంటే వేగంగా పెరుగుతున్న మాటల్లో, బ్రేకౌట్ అని కనిపిస్తే ఆ మాట 5000 శాతం పైనే పెరిగిందని.

ఒక్కటి మాత్రం జాగ్రత్త, ఏటా తిరిగొచ్చే మార్పు వేరు, ఒక్కసారి జరిగేది వేరు. 2020కి ముందు కరోనా అంటే సూర్యుడి చుట్టూ వెలుగు, లేదా బీరు. ఆ తర్వాత లక్షణాలు, 2021లో వ్యాక్సిన్ స్లాట్, ఆపైన సర్టిఫికెట్ డౌన్‌లోడ్. ఇలాంటి దానికి ఎప్పటికప్పుడు పేజీ తిరగరాయాల్సిందే. ఆవకాయ లాంటిదైతే సీజన్‌కి నెల ముందే పేజీ సర్దేయండి, వేసవిలో కొలతలు పైన, వానాకాలంలో బూజు సంగతి పైన. లింక్ మాత్రం మార్చొద్దు, చివర్లో ఏడాది నంబర్ కూడా పెట్టొద్దు, వచ్చే ఏడాది అదే పేజీకి మళ్ళీ వస్తారు.