పాత మోటారుసైకిలు మరమ్మతు – ఆరవ పాఠం: వదలకుండా పట్టేసే వెనక డ్రమ్ము బ్రేకు

గత పాఠంలో వెనక చక్రాన్ని ఊడదీసి తిరిగి బిగించడం నేర్చుకున్నాము. ఆ పని చేతికి వచ్చిన తరువాతనే ఈ పాఠం మొదలుపెట్టండి. పెడల్ మీద నుంచి కాలు తీసినా వెనక బ్రేకు పూర్తిగా వదలకపోతే లోపం ఎక్కడుందో వెదికి పట్టుకోవడం, దానిని సరిచేయడం ఈ పాఠంలోని విషయం. బ్రేకు పట్టేయగానే చాలామంది, పెడల్‌ను చక్రం దగ్గరి బ్రేకుకు కలిపే బ్రేక్ రాడ్ చివరనున్న నట్టును కొన్ని చుట్లు వదులు చేస్తారు. చక్రం అప్పటికి తిరుగుతుంది కానీ అసలు లోపం అలాగే ఉండిపోతుంది, పైగా పెడల్ మరింత కిందికి దిగిపోతుంది. లోపం తేలేవరకు ఆ నట్టును బిగువు మార్చడానికి తిప్పకండి.

ముందుగా బ్రేకు ఎలా వదులుతుందో తెలియాలి. పెడల్ తొక్కినప్పుడు రాడ్ చక్రం పక్కనున్న లివర్‌ను (చిన్న చేయిలాంటి కడ్డీని) లాగుతుంది, లివర్ స్పిండిల్‌ను (బ్రేకు లోపలికి వెళ్లే చిన్న ఇరుసును) తిప్పుతుంది, స్పిండిల్ చివరనున్న క్యామ్ (బల్లపరుపు ముఖాలున్న ముక్క) రెండు షూలను (అర్ధచంద్రాకారపు బ్రేకు దిమ్మలను) విడదీసి డ్రమ్ముకు (చక్రంతోపాటు తిరిగే గిన్నెలాంటి భాగానికి) అదుముతుంది. ఇంత పని చేయడానికి మన కాలి బలం మొత్తం ఉంది. తిరుగు ప్రయాణంలో మాత్రం షూలను దగ్గరికి లాగి, క్యామ్‌ను మొదటి స్థానానికి తిప్పవలసినవి షూల మధ్యనున్న చిన్న స్ప్రింగులే. పెడల్ దగ్గరి స్ప్రింగు పెడల్‌ను పైకెత్తడానికే తప్ప షూలను లాగడానికి కాదు. అందువల్ల తొక్కేటప్పుడు కాలికి ఏమాత్రం తెలియని తుప్పు, రాపిడి వదిలేటప్పుడు బయటపడతాయి. దీనికి తోడు, ఒకే క్యామ్ ఉన్న బ్రేకులో చక్రం తిరిగే దిశ వల్ల ఒక షూ తనంతట తానే డ్రమ్మును మరింత గట్టిగా పట్టుకుంటుంది కనుక, కొద్దిగా ఆనుకుని ఉన్న షూ కూడా త్వరగానే వేడెక్కుతుంది.

ఇక పరీక్షకు వద్దాము. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. చైను మరీ బిగుతుగా ఉన్నా చక్రం బరువుగానే తిరుగుతుంది కాబట్టి ముందు దాని సంగతి చూసి ఆ అనుమానం తీర్చుకోండి. తరువాత పెడల్‌ను గట్టిగా తొక్కి వదిలి, మళ్లీ తిప్పి చూడండి. ఇప్పుడు చక్రం పట్టేస్తే, నట్టు ఎక్కడుందో రాడ్ మీద గుర్తు పెట్టుకుని, దానిని పూర్తిగా విప్పి రాడ్‌ను లివర్ నుంచి వేరుచేయండి. లివర్‌ను చేత్తో లాగి వదలండి. మంచి బ్రేకులో లివర్ టక్కుమని వెనక్కి వెళుతుంది, వేళ్లకు స్ప్రింగు లాగుడు స్పష్టంగా తెలుస్తుంది. లివర్ నీరసంగా కదిలినా, మధ్యలో ఆగినా లోపం డ్రమ్ము లోపల ఉంది. చక్కగా తిరిగివస్తే, తరువాత చెప్పబోయే డ్రమ్ము గుండ్రదనం సమస్య తప్ప, లోపం బయట ఉంది. ఈ ఒక్క పరీక్ష పాఠం మొత్తానికి ఆధారం; చక్రాన్ని ఊడదీసే శ్రమ అవసరమో కాదో ఇదే చెబుతుంది.

బయటి లోపాలు త్వరగా తేలిపోతాయి. పెడల్ తిరిగే ఇరుసులో గ్రీజు ఎండిపోయి ఉండవచ్చు, రాడ్ వంగి ఎక్కడో ఒరుసుకుంటూ ఉండవచ్చు, పెడల్ స్ప్రింగు సాగిపోయి ఉండవచ్చు. చైను సవరించిన తరువాత బ్రేకు పట్టేయడం మొదలైందంటే కారణం వెదకనక్కరలేదు: చక్రాన్ని వెనక్కి జరిపితే లివర్ కూడా వెనక్కి పోతుంది, రాడ్ పొడవు మారదు కనుక బ్రేకు దానంతట అదే బిగుస్తుంది. నట్టును వదులు చేయడమే సరైన మందు అయ్యే సందర్భం ఇది.

లోపలి లోపాలలో నేను మొదట అనుమానించేది స్పిండిల్‌నే. చక్రాన్ని తీసి, షూలు అమర్చి ఉన్న బ్రేక్ ప్లేటును బయటికి లాగండి. పాత లైనింగులలో (షూల మీద అతికించిన రాపిడి పొరలలో) పీలిస్తే ఊపిరితిత్తులకు హానిచేసే ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ దుమ్మును నోటితో గానీ గాలి పంపుతో గానీ ఊదవద్దు. ముక్కుకు మాస్కు కట్టుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయండి. షూల బయటి అంచులను పైకి మడిచినట్టుగా లేపితే స్ప్రింగుల బిగువు తగ్గి రెండూ కలిసి ఊడివస్తాయి. లివర్‌కు, స్పిండిల్‌కు ఎదురెదురుగా ఒక గుర్తు గీసిన తరువాతనే లివర్‌ను విప్పాలి. బయటికి వచ్చిన స్పిండిల్ మీద గోధుమరంగు ముద్ద పట్టీలా అంటుకుని ఉంటే అది ఎండిన గ్రీజు, తుప్పు కలిసి తయారైనది. బ్రేకును పట్టి ఉంచింది అదే. కిరోసిన్‌తో కడిగి, సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, అది తిరిగే రంధ్రాన్ని కూడా శుభ్రం చేసి ఆరబెట్టండి. పొడి స్పిండిల్ తన బరువుకే సాఫీగా లోపలికి దిగాలి. అప్పుడు వేడికి కరగని గ్రీజును స్పిండిల్‌కు, క్యామ్ ముఖాలకు, షూల రెండో చివరనున్న పిన్నుకు పలుచగా పూయండి. మెరుపు కనిపిస్తే చాలు. ఎక్కువైన గ్రీజు వేడికి కారి లైనింగుకు అంటిందంటే బ్రేకు పట్టడమే మానేస్తుంది.

స్పిండిల్ శుభ్రంగా ఉండి కూడా బ్రేకు వదలకపోతే లైనింగు మందాన్ని చూడండి. లైనింగు అరిగినకొద్దీ షూలు డ్రమ్మును తాకడానికి క్యామ్ మరింత తిరగవలసి వస్తుంది. క్యామ్ దాదాపు నిలువుగా నిలబడినప్పుడు స్ప్రింగులు దాని చివరి అంచు మీదే ఒత్తుతాయి తప్ప దానిని వెనక్కి తిప్పలేవు. మరీ అరిగితే క్యామ్ పూర్తిగా తిరగబడి, నడుస్తున్న బండిలో చక్రం బిగుసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. బయటి నుంచి దీనిని పసిగట్టడానికి, పెడల్ తొక్కి పట్టినప్పుడు రాడ్‌కు, లివర్‌కు మధ్య కోణం చూడండి. అది 90 డిగ్రీలను బాగా దాటిపోతే లైనింగు అయిపోవచ్చిందని అర్థం. స్పిండిల్ మీది పళ్లలో లివర్‌ను ఒక పన్ను వెనక్కి జరిపి తగిలించి కోణాన్ని సరిచేసేవారున్నారు. లివర్ కోణం మారుతుంది గానీ లోపల క్యామ్ తిరిగే దూరం మారదు. దయచేసి ఆ పని చేయకండి, షూలనే మార్చండి.

లివర్ చక్కగా తిరిగివస్తున్నా చక్రం ప్రతి చుట్టులో ఒకేచోట పట్టి వదులుతుంటే డ్రమ్ము గుండ్రదనం పోయిందని అనుమానించాలి. స్పోకులను ఎగుడుదిగుడుగా బిగించినా ఇలా జరుగుతుంది.

తిరిగి బిగించేటప్పుడు ఒక పద్ధతి తప్పక పాటించండి. యాక్సిల్ నట్టును కాస్త వదులుగా ఉంచి, పెడల్‌ను గట్టిగా తొక్కి పట్టి, అప్పుడు నట్టును బిగించండి. షూలు డ్రమ్మును సమంగా అదుముతాయి కనుక బ్రేక్ ప్లేటు సరిగ్గా మధ్యకు వచ్చి కూర్చుంటుంది. ప్లేటును తిరగకుండా ఆపే పట్టీ బోల్టులను కూడా బిగించి, స్ప్లిట్ పిన్ను (నట్టు ఊడకుండా ఆపే చీలిక పిన్ను) ఉంటే కొత్తది వేయండి. తరువాత పెడల్ కొన వద్ద 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఖాళీ ఆట (బ్రేకు పట్టకముందు పెడల్ ఊరికే కదిలే దూరం) ఉండేలా రాడ్ నట్టును సవరించండి. మీ బండి పుస్తకం వేరే కొలత చెబితే దానినే పాటించండి. కొన్ని బండ్లలో మనిషి కూర్చోగానే చక్రం పైకి లేచి రాడ్ బిగుస్తుంది, అందువల్ల ఒకరిని సీటు మీద కూర్చోబెట్టి ఈ ఆటను మరొకసారి చూడాలి.

చివరగా బండిని ఖాళీ చోట నెమ్మదిగా కొంతదూరం నడిపి, వెనక బ్రేకును వీలైనంత తక్కువగా వాడి ఆపండి. చేతిని హబ్ (చక్రం మధ్యభాగం) దగ్గరికి తీసుకువెళ్లి వేడిని గమనించండి, వెంటనే ముట్టుకోకండి. గోరువెచ్చగా ఉంటే సరే. సెగ తగిలితే రాడ్ విప్పి లివర్ పరీక్షను మళ్లీ చేయండి. డ్రమ్ము గుండ్రదనాన్ని కొలవడం, స్పోకులను సమంగా బిగించడం వచ్చే పాఠంలో నేర్చుకుందాము.