గన్‌స్మోక్ తొలి ఎపిసోడ్: చూసి అభిప్రాయం రాయడం ఎలా

"బాగుంది, పదికి ఎనిమిది" అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. ఏ సన్నివేశంలో ఏం చూసి అలా అనిపించిందో చెప్పాలి. గన్‌స్మోక్ అనే అమెరికన్ కౌబాయ్ సీరియల్ సీబీఎస్ టీవీ చానెల్‌లో 1955 నుంచి 1975 దాకా 20 సీజన్లు, 635 ఎపిసోడ్లు నడిచింది. 1955 సెప్టెంబరు 10న ప్రసారమైన తొలి ఎపిసోడ్ 'మ్యాట్ గెట్స్ ఇట్' సాధనకు బాగా పనికొస్తుంది.

ముందు చేతిలో ఉన్న కాపీ సంగతి తేల్చుకోండి. మొదటి ఆరు సీజన్లవి అరగంట ఎపిసోడ్లు. ప్రకటనలు తీసేస్తే 25, 26 నిమిషాలు ఉండాలి. మీది 22 నిమిషాలకే అయిపోతే, ఎక్కువ ప్రకటనలు ఇరికించడానికి ఎవరో కోసేసి ఉంటారు. అది చూసి "కథ గెంతుతూ పోయింది" అని రచయితను తప్పుపడితే అన్యాయం. ఎపిసోడ్‌కు ముందు కౌబాయ్ సినిమాల హీరో జాన్ వేన్ తెరమీదికొచ్చి సీరియల్‌ను పరిచయం చేస్తాడు. అదీ కొన్ని కాపీల్లో ఉండదు. ఉందో లేదో రాయండి.

టీవీ సెట్టింగుల్లో బొమ్మను 4:3లోనే, అంటే పాత టీవీల వెడల్పు-ఎత్తు నిష్పత్తిలోనే ఉంచండి. పక్కల నల్లపట్టీలు వస్తే రానివ్వండి. జూమ్ చేసి తెర నింపితే పైన టోపీలు, కింద తుపాకీ ఒరలు తెగిపోతాయి. సాగదీస్తే మనుషుల మధ్య దూరం మారినట్టు కనిపిస్తుంది. ఈ కథకు అది ప్రాణం తీసే తప్పు, ఎందుకో కింద చూడండి. ఇక నలుపు తెలుపు అని మార్కులు తగ్గించకండి. ఈ సీరియల్‌కు రంగులు 1966లో, 12వ సీజన్‌తో వచ్చాయి.

రెండుసార్లు చూడాలి. మొదటిసారి ఆపకుండా చూసి, అయిపోగానే ఐదారు వాక్యాలు రాసుకోండి. మరునాటికి ఆ మొదటి స్పందన మారిపోతుంది. రెండోసారి కాగితం పెట్టుకుని, తుపాకీ బయటికొచ్చిన ప్రతిసారీ నిమిషం, సెకను, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, మధ్యలో ఎన్ని అడుగులుంటాయో అంచనాగా రాసుకోండి.

కథ ముందే తెలియకూడదనుకునేవాళ్లు ఈ పేరా వదిలేయండి. డ్యాన్ గ్రాట్ అనే తుపాకీవీరుడు కాన్సస్‌లోని డాడ్జ్ సిటీకి వస్తాడు. పట్టుకోబోయిన మార్షల్ (అక్కడి పోలీసు అధికారి), కథానాయకుడు మ్యాట్ డిల్లన్‌నే కాల్చి పడేస్తాడు. తొలి ఎపిసోడ్‌లోనే కథానాయకుడు ఓడిపోవడం చాలామందికి మింగుడుపడదు. గాయం మానేలోపు మ్యాట్‌కు గుట్టు తెలుస్తుంది: గ్రాట్‌ది వేగమే తప్ప గురి కాదు, అందుకే ఎప్పుడూ బాగా దగ్గరికొచ్చి కాలుస్తాడు. రెండోసారి మ్యాట్ దూరంగా నిలబడి గెలుస్తాడు. మీరు తేల్చాల్సిన అసలు ప్రశ్న ఇదే: ఆ ముగింపుకు ఆధారం ముందు సన్నివేశాల్లోనే కళ్లకు కనబడిందా, లేక మ్యాట్ నోటితో చెప్పాకే తెలిసిందా? మీరు రాసుకున్న అడుగుల లెక్క ఇక్కడ పనికొస్తుంది. కనబడితే దర్శకుడు చార్లెస్ మార్క్విస్ వారెన్‌కు మార్కులివ్వండి. కనబడలేదంటే ఏ నిమిషంలో కనబడాల్సిందో చెప్పండి.

పోలికల దగ్గర చాలా అభిప్రాయాలు దారి తప్పుతాయి. తర్వాతి సీజన్లలో మార్షల్‌కు తోడుండే ఫెస్టస్ లేడని ఈ ఎపిసోడ్‌ను తక్కువ చేయకూడదు. ఆ పాత్ర శాశ్వతంగా చేరింది 1964లో. ఇక్కడ మార్షల్ పక్కనుండేది కుంటుతూ నడిచే చెస్టర్, ఆ పాత్రలో నటుడు డెన్నిస్ వీవర్. 1961 తర్వాతి గంట ఎపిసోడ్లలో ఊళ్లోకొచ్చిన కొత్తవాళ్ల కథకు బోలెడు చోటుంటుంది. అరగంటలో ఉండదు. 1952లో మొదలైన రేడియో గన్‌స్మోక్ విన్నవాళ్లకు విలియం కాన్రాడ్ బరువైన గొంతే మార్షల్ మ్యాట్‌గా నాటుకుపోయి ఉంటుంది. వాళ్లు టీవీలో మ్యాట్‌గా నటించిన జేమ్స్ ఆర్నెస్‌ను గొంతుతో కాక, నిలబడే తీరుతో అంచనా వేయాలి. 1971 నాటి 'మోసగాళ్లకు మోసగాడు' లాంటి మన కౌబాయ్ సినిమాల వేగానికి అలవాటుపడిన కళ్లకు ఇది నెమ్మదిగా అనిపించడం సహజం. ఆ సినిమాల పుట్టుక ఇటాలియన్ వెస్టర్న్‌లలో ఉంది, ఈ సీరియల్‌ది రేడియో నాటకంలో. మాటలు ఎక్కువుండటానికి కారణం అదే.

రాసేటప్పుడు మొదటి వాక్యంలో ఎపిసోడ్ పేరు, ప్రసార తేదీ, చూసిన కాపీ నిడివి పెట్టండి. కథ రెండు వాక్యాలు దాటకూడదు. మిగతాదంతా మీరెంచుకున్న రెండు సన్నివేశాల మీదే. ముగింపు గుట్టు విప్పేటట్టయితే ఆ పేరాకు ముందే హెచ్చరిక ఉండాలి, 70 ఏళ్ల కిందటి కథ అయినా సరే. ఈరోజే మొదటిసారి చూసేవాళ్లుంటారు.