ఎస్‌ఎంపీఎస్ మారుస్తున్నారా? పాత కేబుళ్లు ఒక్కటీ మిగల్చకండి

ఈ మధ్య తెలిసినవారి అబ్బాయి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. పాత ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె) దానికి చాలదని 750 వాట్లది తెచ్చాడు. కేబినెట్ వెనక కేబుళ్లన్నీ ముందే ముచ్చటగా సర్ది కట్టి ఉన్నాయి. వాటిని మళ్లీ విప్పడం ఎందుకని పాత పెట్టెను మాత్రం తీసి, కొత్త పెట్టెకు ఆ కేబుళ్లనే తగిలించాడు. అన్నీ చక్కగా పట్టాయి. స్విచ్ వేయగానే రెండు హార్డ్ డిస్కులు, ఒక ఎస్‌ఎస్‌డీ ఒక్కసారే పోయాయి. ఇంటిల్లిపాది ఫొటోలు ఒక డిస్కులో, వాటి నకలు రెండో డిస్కులో ఉన్నాయి. రెండూ ఒకే కేబుల్ మీద!

దుమ్ము, స్థిర విద్యుత్తు, స్క్రూల సంగతి సొంతంగా కంప్యూటర్ కట్టుకున్నవారికి చెప్పనక్కర్లేదు. నేను చెప్పేది ఈ కేబుళ్ల గురించే. ఇలా నష్టపోయినవాళ్లను ఇంతకుముందు కూడా చూశాను. అందరిదీ ఒకటే మాట: ‘సరిగ్గా పట్టింది కదా!’

పట్టడం వేరు, సరిపోవడం వేరు. మాడ్యులర్ కేబుల్‌కు, అంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి కూడా ఊడదీయగలిగే కేబుల్‌కు, రెండు చివరలు. డిస్కు వైపు చివర ఏ కంపెనీదైనా ఒకటే: డిస్కుకు కరెంటు ఇచ్చే సాటా కనెక్టర్‌లోని 15 పిన్నులలో ఎక్కడ 3.3, ఎక్కడ 5, ఎక్కడ 12 వోల్టులు రావాలో ప్రమాణం ఉంది. ఎస్‌ఎంపీఎస్ వైపు చివరకు అలాంటి ఉమ్మడి ప్రమాణం లేదు. ఏ రంధ్రంలో ఏ వోల్టేజీ పెట్టాలో తయారీదారు ఇష్టం. ప్లాస్టిక్ ఆకారం అచ్చం ఒకేలా ఉన్నా లోపల అమరిక వేరు కావచ్చు. 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ 5 వోల్టుల మీద నడుస్తుంది. ఆ తీగలోకి 12 వచ్చిందంటే రెప్పపాటులో పని అయిపోతుంది.

ఎస్‌ఎంపీఎస్‌లో రక్షణ ఉంటుంది కదా అంటారు. అది తన 12 వోల్టుల లైను 12 దగ్గరే ఉందా అని చూసుకుంటుంది. ఆ తీగ అవతల ఎవరి నెత్తిన పడిందో దానికేం తెలుసు? పూర్వం పసుపు 12, ఎరుపు 5, నారింజ 3.3 అని రంగు చూసి చెప్పగలిగేవాళ్లం. ఇప్పుడు అందం కోసం అన్ని తీగలకూ నలుపే.

కంపెనీ ఒకటే అయినా నమ్మకండి. సిరీస్ మారితే అమరిక మారవచ్చు. ఏ కేబుల్ ఏ మోడల్‌కు సరిపోతుందో తయారీదారే పట్టిక ఇస్తే, అందులో మీ రెండు మోడళ్లూ ఉంటే అది వేరే సంగతి. లేదంటే కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన కేబుళ్లే వాడాలి. పాతవన్నీ విప్పి, పాత ఎస్‌ఎంపీఎస్‌కే కట్టి, దాని అట్టపెట్టెలోనే పెట్టండి. కేబుళ్లు లేకుండా సెకండ్ హ్యాండ్ ఎస్‌ఎంపీఎస్ అమ్ముతుంటే కొనకండి.

అప్‌గ్రేడ్ చేసేవారి కంటే మరమ్మతు చేసేవారే ఇందులో తేలిగ్గా పడతారు. కంప్యూటర్ ఆన్ కావడం లేదు, ఎస్‌ఎంపీఎస్ పోయిందేమోనని స్నేహితుడిది తెస్తారు. ఐదు నిమిషాల పరీక్షే కదా అని ఉన్న కేబుళ్లకే తగిలిస్తారు. ఆ ఐదు నిమిషాల్లో మొదటి సెకను చాలు. పరీక్ష కోసమైనా దాని కేబుళ్లు దానికే. డిస్కులన్నీ ముందే ఊడదీయండి. మదర్‌బోర్డు, ప్రాసెసర్, దాని కూలర్, ఒక ర్యామ్, డిస్‌ప్లే వచ్చే ఏర్పాటు చాలు.

ఇక గ్రాఫిక్స్ కార్డు. 2022లో 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల దగ్గర 16 పిన్నుల కనెక్టర్లు కరిగిన వార్తలు చూసే ఉంటారు. చివరిదాకా దిగకపోవడం అందులో ఒక ముఖ్య కారణమని తేలింది. తర్వాత వచ్చిన 12వీ-2x6 రకం కనెక్టర్‌లో సెన్స్ పిన్నులను (కరెంటు తీసుకోవచ్చని కార్డుకు సైగ చేసేవి) పొట్టి చేసింది అందుకే: సరిగ్గా దిగకపోతే అవి తగలవు. సందు కనిపించకుండా నొక్కండి. కనెక్టర్ పక్కనే కేబుల్‌ను వంచకండి.

ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నులు, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే 8 పిన్నులు ఒకటి కావు. 12 వోల్టుల వరుస, గ్రౌండ్ వరుస తారుమారుగా ఉంటాయి. దిగకపోతే బలం ప్రయోగించకండి.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

ప్లగ్ గోడ నుంచి తీయండి. తర్వాత పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టండి.
కొత్త ప్రాసెసర్‌కు బయోస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కావాలంటే పాతది ఉండగానే చేయండి.
అంతకంటే ముందు బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. అదే డిస్కులో దాచుకునే మహానుభావులున్నారు.
ఏఎండీ ఏఎం4 సాకెట్ బోర్డు మీది కూలర్‌ను ఒక్కసారిగా పైకి లాగకండి, ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది. కాసేపు నడిపి వేడెక్కించి, ఆపి, మెల్లగా తిప్పి తీయండి.
డీడీఆర్5 ర్యామ్ వేశాక మొదటిసారి తెర నిమిషాల తరబడి నల్లగా ఉండవచ్చు. ఆపకండి.
మదర్‌బోర్డుకు రంధ్రం లేని చోట స్టాండాఫ్ (బోర్డును ఎత్తి పట్టే చిన్న కాలు) ఉంచకండి.
ఒకసారికి ఒకటే మార్చండి.
ఎస్‌ఎంపీఎస్ పెట్టెను విప్పకండి. ఎందుకని అడగకండి, విప్పకండి.
నకలు తీసిన డిస్కు కేబినెట్ బయట ఉండాలి. బయట!
పాత కేబుల్ ఒక్కటైనా మిగిలిందా? స్విచ్ వేసే ముందు మళ్లీ చూడండి.
కాలిన వాసన వస్తే ‘ఇంకొక్కసారి’ వద్దు. ప్లగ్ పీకండి.
ఇప్పటికే హార్డ్ డిస్కు పోయి ఉంటే పారేయకండి. కాలింది కింది బోర్డు మాత్రమే కావచ్చు, లోపలి పళ్లేలు బాగానే ఉండవచ్చు. అదే మోడల్ బోర్డు తెచ్చి మీరే బిగించకండి. ఆ డిస్కుకే చెందిన వివరాలు పాత బోర్డు మీది చిప్‌లో ఉంటాయి. డిస్కు, దాని పాత బోర్డు రెండూ కలిపి డేటా రికవరీ చేసేవారికి ఇవ్వండి.