కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ చెడిందో లేదో తేల్చుకోవడం ఎలా?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తర్వాత మా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. వచ్చిన పూట కంప్యూటర్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మదర్‌బోర్డు పోయిందని బాగుచేసే అతను చెబితే నమ్మి కొత్తది వేయించాం. అయినా ఆన్ కాలేదు. చెడింది ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు తగిన వోల్టేజీలుగా మార్చి ఇచ్చే డబ్బా) అని ఆ తర్వాత తేలింది. ఆ ఖర్చు మీకు తప్పాలనే ఈ పద్ధతి రాస్తున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక: ఎస్‌ఎంపీఎస్ డబ్బా మూతను ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిల్వ ఉంటుంది, ప్లగ్గు పీకిన తర్వాత కూడా అది కొంతసేపు నిలిచే ఉంటుంది.

మొదట యూపీఎస్‌ను తప్పించి, కేబుల్‌ను నేరుగా గోడ సాకెట్‌కు పెట్టండి. అదే సాకెట్‌లో టేబుల్ ల్యాంపు వెలుగుతోందా, ఎస్‌ఎంపీఎస్ వెనుక స్విచ్ గీత గుర్తు వైపు నొక్కి ఉందా, కేబుల్ వదులుగా ఉందా అన్నవి చూడండి.

అవన్నీ సరిగ్గా ఉంటే ప్లగ్గు తీసి, మదర్‌బోర్డు, హార్డ్ డిస్క్, గ్రాఫిక్స్ కార్డులకు వెళ్లే కనెక్టర్లన్నీ ఊడదీయండి. మళ్లీ ప్లగ్గు పెట్టి, వోల్టేజీ కొలిచే మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద ఉంచి, నల్ల ప్రోబును 24 పిన్నుల కనెక్టరులోని నల్ల తీగకు, ఎర్ర ప్రోబును ఊదారంగు తీగకు ఆనించండి. కంప్యూటర్ ఆపి ఉన్నా ఈ తీగలో 5 వోల్టులు ఉండాలి. బటన్ నొక్కినప్పుడు మదర్‌బోర్డు మేలుకునేది దీనితోనే. మా దాంట్లో మీటరు 3.9 దగ్గర ఊగిసలాడింది. ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ ఈ భాగం రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటుంది కనుక, అనుమానం వచ్చినప్పుడు ముందు చూడవలసింది దీన్నే.

తర్వాత ప్లగ్గు తీసి, ఆకుపచ్చ తీగ పిన్నునూ ఏదైనా నల్ల తీగ పిన్నునూ చిన్న రాగి తీగతో కలిపి, మళ్లీ ప్లగ్గు పెట్టండి. తీగలన్నీ నల్లగా ఉండే కొత్త రకమైతే, ఆకుపచ్చ తీగకు బదులు, మాన్యువల్‌లోని బొమ్మ చూసి 16వ పిన్నును గుర్తించాలి. ఫ్యాను తిరగకపోయినా వెంటనే తీర్పు చెప్పకండి, లోడు లేనప్పుడు ఫ్యాను ఆగి ఉండే రకాలూ ఉన్నాయి. పసుపు తీగలో 11.4 నుంచి 12.6, ఎరుపులో 4.75 నుంచి 5.25, నారింజలో 3.14 నుంచి 3.47 వోల్టులు రావాలి. లోడు లేనప్పుడు సరిగ్గా చూపి, పని పడగానే కుంగిపోయే ఎస్‌ఎంపీఎస్‌లు ఉంటాయి కాబట్టి, ప్లగ్గు తీసి, రాగి తీగ తొలగించి, కనెక్టర్లు తిరిగి బిగించి, కంప్యూటర్ నడుస్తుండగా కనెక్టరు వెనుక వైపు నుంచి మరోసారి కొలవండి. ఎస్‌ఎంపీఎస్ ఒంటరిగా నడిచి, కనెక్టర్లు బిగించగానే ఆగిపోతుంటే, షార్టు మిగతా భాగాల్లో ఉండవచ్చు; ఒక్కొక్కటిగా కలిపి చూడండి.

కాలిన వాసన వచ్చినా, జాలీలోంచి చూస్తే కెపాసిటర్ తల ఉబ్బి కనిపించినా, ఎస్‌ఎంపీఎస్ మార్చడమే మంచిది.

ఇక సంరక్షణ. కళింగపట్నం, భావనపాడు వంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలి, విజయనగరం జూట్ మిల్లుల చుట్టుపక్కల నార నూగు ఈ పెట్టెకు ప్రధాన శత్రువులు. నూగు జాలీకి దుప్పటిలా పట్టి గాలి ఆడనివ్వదు. మూడు నెలలకోసారి ప్లగ్గు తీసి, బయటికి తెచ్చి, ఫ్యాను రెక్క తిరగకుండా పుల్లతో ఆపి, బ్లోయరుతో దుమ్ము ఊదేయండి, తడిగుడ్డ వాడవద్దు. ఉరుములు మొదలవగానే స్విచ్ ఆపి ఊరుకోకుండా ప్లగ్గే పీకేయాలి. తుపాను తర్వాత కరెంటు వచ్చినప్పుడు, బల్బులు మిణుకుమిణుకుమనకుండా నిలకడగా వెలిగాక ప్లగ్గు పెట్టండి. వేసవిలో ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తూ ఉండండి. వరద నీటిలో మునిగిన ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం ఎంత ఎండబెట్టినా మళ్లీ వాడకండి.