లెన్స్ మార్చాలా, పద్ధతి మార్చాలా? మొదటి డీఎస్ఎల్ఆర్ కొన్నవాళ్ళకి సమస్యలు - పరిష్కారాలు

కొత్త లెన్స్‌కి డబ్బు తీసేముందు మీ పాత ఫొటోలు కంప్యూటర్లో తెరిచి, ఒక్కోదాని వివరాలు చూడండి. ఫోకల్ లెంగ్త్ (ఎంత దగ్గరికి లాగి తీశారో చెప్పే మిల్లీమీటర్ల అంకె), అపెర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే ఎఫ్ అంకె, అది చిన్నదైతే వెలుతురు ఎక్కువ), షట్టర్ స్పీడ్ (సెకనులో ఎన్నో వంతు తెరిచి ఉందో), ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని ఎంత పెంచుకుందో) అన్నీ ఫొటోలోనే నమోదై ఉంటాయి. పాడైపోయాయనుకున్నవాటినే ముఖ్యంగా చూడాలి. అవన్నీ కిట్ లెన్స్‌ని (కెమెరాతో పాటు వచ్చే 18-55 ఎం.ఎం. జూమ్‌ని) 55 దగ్గర పెట్టి తీసినవైతే మీకు దూరం అందడం లేదు. 18 దగ్గరివైతే వెడల్పు చాలడం లేదు. ఐఎస్ఓ 3200 దాటి, షట్టర్ 1/30కి పడిపోయి ఉంటే వెలుతురు చాలడం లేదు. ఈ మూడూ కాకపోతే తప్పు లెన్స్‌ది కాకపోవచ్చు. ఆ మాట షాపువాడు చెప్పడు, అతని వ్యాపారం అతనిది.

18-55 కిట్ లెన్స్‌తో మొదలుపెట్టి, చెన్నైలో ఫొటోలు తీస్తున్నవాళ్ళ కోసం ఇది.

పెళ్ళిలో తీసినవన్నీ మసకగా వచ్చాయి

మన ముహూర్తాలు చాలావరకు రాత్రివేళే. పక్కింటి తమిళులు పొద్దున్నే తాళి కట్టించి టిఫిన్లకి కూర్చోబెట్టేస్తారు కాబట్టి వాళ్ళ ఫొటోగ్రాఫర్‌కి కాస్త పగటి వెలుతురైనా దొరుకుతుంది. టీ నగర్‌లో ఏ మండపంలోనో రాత్రి పదకొండున్నరకి జీలకర్ర బెల్లం పెట్టిస్తుంటే మనకి ఉండేది లైట్ల వెలుతురొక్కటే.

మసకలో మూడు రకాలున్నాయి. ఫొటోని బాగా పెద్దది చేసి చూడండి. స్తంభాలు, పూలదండలు, మనుషులు అన్నీ ఒకే దిక్కుకి చెదిరితే మీ చెయ్యి కదిలింది. స్తంభాలు స్పష్టంగా ఉండి, తలంబ్రాలు పోసే చేతులు మాత్రమే చెదిరితే షట్టర్ వేగం చాలలేదు. పెళ్ళికూతురు మొహం మసకబారి, వెనకాల కూర్చున్న మేనత్తగారి చీర అంచు నిగనిగలాడుతుంటే ఫోకస్ పక్కదారి పట్టింది.

చెయ్యి కదలడానికి మందు స్టెబిలైజేషన్, అంటే చేతి వణుకుని లెన్సే సర్దుకునే ఏర్పాటు. మీ లెన్స్ మీద ఐఎస్ అనో వీఆర్ అనో రాసి ఉందేమో చూడండి. అన్ని కిట్ లెన్సుల్లోనూ ఉండదు. కెనాన్ 3000డీతో వచ్చే 18-55లో లేదు, 1500డీతో వచ్చేదాంట్లో ఉంది. మూడో రకానికి ఖర్చేమీ లేదు. కెమెరా తనకి తోచిన చోట ఫోకస్ చేయకుండా ఒకే పాయింట్ ఎంచుకుని, దాన్ని కంటి మీద పెట్టండి.

రెండో రకానికే లెన్స్ కొనాల్సింది. కదిలే మనుషుల్ని స్టెబిలైజేషన్ ఆపలేదు. మండపంలో కనీసం 1/125, తలంబ్రాల గింజలు గాల్లో ఆగినట్టు కనపడాలంటే 1/250 కావాలి. కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు. 50 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్స్ దానికి దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి తీసుకుంటుంది. అంటే కిట్ లెన్స్‌తో 1/25 వచ్చిన చోట అదే ఐఎస్ఓలో మీకు 1/250 వస్తుంది. ఏ కంపెనీలోనైనా చవకగా దొరికే లెన్సుల్లో ఇదొకటి. రెండో లెన్స్ ఏదని అడిగినవాళ్ళలో ఎక్కువమందికి నేను చెప్పేది దీని పేరే.

అయితే ఎఫ్/1.8 దగ్గరే కూర్చోకండి. అక్కడ ఫోకస్‌లో ఉండే లోతు బాగా తక్కువ. వరుడి కన్ను స్పష్టంగా ఉంటే ఒక జానెడు వెనక ఉన్న వధువు మొహం మెత్తబడిపోతుంది. ఇద్దరికీ ఎఫ్/2.8, బంధువులంతా రెండు వరుసల్లో నిలబడితే ఎఫ్/5.6, ఫ్లాష్. ఆ గ్రూపు ఫొటోకి కిట్ లెన్సే చాలు.

ఫొటోలో అడ్డంగా చీకటి చారలు పడితే అది లెన్స్ లోపం కాదు, ఎల్ఈడీ లైట్ల మినుకు. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి షట్టర్ 1/100కో 1/50కో తెస్తే చాలావరకు పోతాయి.

50 కొన్నాక ఇంట్లో ఎవరూ ఫ్రేములో పట్టడం లేదు

మీ కెమెరా సెన్సర్ చిన్నది. అందుకే 50 దానిమీద ఇంకా ఇరుకుగా చూస్తుంది, పెద్ద (ఫుల్‌ఫ్రేమ్) సెన్సర్ మీద కెనాన్‌కైతే 80, నికాన్‌కైతే 75 పెట్టినట్టు. మూడు మీటర్ల దూరంలో నిలబడి కెమెరా అడ్డంగా పట్టుకుంటే పట్టే వెడల్పు సుమారు 1.3 మీటర్లు. మన ఫ్లాట్ల హాల్లో సోఫాకీ టీవీకీ మధ్య అంతకంటే వెనక్కి జరగాలంటే బాల్కనీలోకి పోవాలి. పిల్లల్నీ పండగల్నీ ఇంట్లోనే తీసేవాళ్ళకి నికాన్‌లో 35 ఎఫ్/1.8, కెనాన్‌లో 24 ఎఫ్/2.8 నయం. ఏది కొనాలో తేలకపోతే కిట్ లెన్స్‌ని 24, 35, 50 అంకెల దగ్గర ఆపి, ఒక్కోదాంతో ఒక ఆదివారం గడపండి.

లెన్స్ బిగిసింది, ఆటోఫోకస్ మాత్రం కదలదు

ఇది నికాన్‌వాళ్ళ తలనొప్పి. డీ3000 వరస, డీ5000 వరస కెమెరాల బాడీలో ఫోకస్ మోటార్ ఉండదు. తక్కువకి వస్తోందని పాత ఏఎఫ్-డీ రకం 50 కొంటే చేత్తో రింగు తిప్పుకోవాల్సిందే. పేరులో ఏఎఫ్-ఎస్ అని ఉన్నవి కొనండి. ఏఎఫ్-పీ లెన్సులు కొత్త బాడీలకి బాగుంటాయి గానీ డీ3100, డీ3200, డీ5100లాంటి వాటిమీద పనిచేయవు. కెనాన్‌లో ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ రెండూ మీ కెమెరాకి సరిపోతాయి. ఆర్ఎఫ్ అని రాసినవీ, నికాన్‌లో జెడ్ అని రాసినవీ లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలవి, డీఎస్ఎల్ఆర్‌కి బిగవనే బిగవవు.

గోపురం మొత్తం పట్టదు, పట్టినా వెనక్కి వాలిపోతోంది

మైలాపూరు కపాలీశ్వరాలయం దగ్గర అందరికీ ఎదురయ్యేదే ఇది. తూర్పు రాజగోపురం ఎత్తు 120 అడుగులు, ముందున్నది వీధి. దగ్గర నిలబడి కెమెరా పైకెత్తితే గోపురం వాలినట్టు రావడం ఖాయం. ఎంత ఖరీదైన వైడ్ లెన్స్ పెట్టినా పైకెత్తినంతసేపూ అంతే. కెమెరాని నేలకి సమంగా పట్టుకోండి, వీధిలో వీలైనంత దూరం పోండి, కింద వచ్చే రోడ్డు భాగాన్ని తర్వాత కత్తిరించండి. పడమటి వైపు కోనేరుంది. అవతలి గట్టు నుంచి అటువైపు గోపురం కిట్ లెన్స్‌తోనే హాయిగా పడుతుంది, గాలి లేని పొద్దున్నైతే నీళ్ళలో నీడతో సహా. ఇరుకు సందులు, గుడి మండపాలు మీకు నిజంగా ఇష్టమైతేనే 10-18, 10-20 లాంటి వైడ్ జూమ్ గురించి ఆలోచించండి. అది పెట్టుకుని మనుషుల్ని దగ్గరనుంచి తీయకండి, ముక్కులు పెద్దవవుతాయి.

పక్షులు చుక్కల్లా కనిపిస్తున్నాయి

55-250 గానీ 70-300 గానీ కావాలి. పళ్ళికరణై చిత్తడి నేలలో రోడ్డు వారగా దిగే కొంగలకి 250 చాలు. వేడంతాంగళ్‌లో పక్షులుండే చెట్లు చెరువు మధ్యలో ఉంటాయి, అక్కడ 250కి కూడా గుంపు పడుతుంది గానీ ముక్కు, కన్ను పడవు. ఆపైన 150-600 జూములున్నాయి. వాటి బరువు దాదాపు 2 కిలోలు, ధర మీ కెమెరా కంటే ఎక్కువ. ఒక సీజన్ మొత్తం వారం వారం పక్షుల కోసం వెళ్ళాక కూడా ఆశ తీరకపోతే అప్పుడు చూసుకోవచ్చు.

250 కొన్నా మెత్తగానే వస్తున్నాయా? షట్టర్ 1/400కి తగ్గకూడదు, ఎగిరే పక్షికి 1/1000 పైనే. అదీ సరిగ్గా ఉంటే ఎన్నింటికి తీశారో చూడండి. మధ్యాహ్నం ఎండలో నీటి మీద, తారు రోడ్డు మీద వేడిగాలి అలలు పోతుంది. దూరంగా ఉన్నదేదైనా ఆ గాలిలోంచి వంకరపోయి కనిపిస్తుంది. దానికి లెన్స్ లేదు, తెల్లారగట్ల బయల్దేరడమే.

అన్ని ఫొటోల్లో ఒకే చోట మచ్చ

లెన్స్ మార్చి, ఎఫ్/16 దగ్గర ఆకాశాన్ని తీయండి. మచ్చ అక్కడే ఉంటే అది సెన్సర్ మీది దుమ్ము, సర్వీసువాళ్ళ పని.

లెన్స్ లోపల సాలెగూడు లాంటి పోగులు

ఫంగస్. సముద్రపు గాలి ఉండే ఊళ్ళో, అందులోనూ అక్టోబర్ నుంచి డిసెంబర్ వానల్లో, తోలు సంచిలో పెట్టి బీరువాలో దాస్తే రాక ఏమవుతుంది? మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటరు తెచ్చుకోండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. సిలికా జెల్ రంగు మారితే వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. బియ్యంలో పెట్టకండి, లెన్స్‌కి తవుడు పడుతుంది. ఏసీ గదిలోంచి మెరీనాకి వెళ్ళేటప్పుడు కెమెరాని సంచిలోనే కాసేపు ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వండి, లేకపోతే గాజు మీద ఆవిరి పట్టేస్తుంది.

ఈ ఊళ్ళో సెకండ్‌హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు మొదట చూడాల్సింది కూడా ఈ ఫంగస్‌నే. రెండు మూతలూ తీసి, వెనకనుంచి ఫోన్ టార్చి వేసి, ముందునుంచి ఏటవాలుగా చూడండి. పోగులు కనిపిస్తే ఎంత తగ్గించినా వద్దనండి. శుభ్రం చేయించినా ఫంగస్ గాజు మీది పూతని తినేసిన చోట మచ్చ అలాగే ఉంటుంది. కనిపించకపోతే మీ కెమెరాకే బిగించి, వెలుతురుకి ఎదురుగా ఒకటి, ఇటుక గోడని ఒకటి తీసి, నాలుగు మూలలూ పెద్దవి చేసి చూశాకే డబ్బివ్వండి.