జిప్సీ, జిమ్నీ సస్పెన్షన్ మార్చే ముందు జాగ్రత్తలు

తాడ్వాయి, ఏటూరునాగారం అడవి బాటల కోసం బండి ఎత్తు పెంచాలనుకుంటే ముందు ధర్మకాంటకు వెళ్లండి. మనుషులు, సామాను, నిండు ట్యాంకుతో ముందు ఇరుసు, వెనుక ఇరుసు బరువు విడివిడిగా తూకం వేయించండి. స్ప్రింగు ఎంచుకునేది ఈ లెక్కతోనే. ఖాళీగా తిరిగే బండికి గట్టి స్ప్రింగులు వేస్తే వెనుక భాగం ఎగిరెగిరి పడుతుంది, రాళ్ల మీద టైరుకు పట్టుండదు.

జిప్సీవి కమాన్ కట్టలు (ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు), జిమ్నీవి కాయిల్ స్ప్రింగులు (చుట్టలు). ఒకదాని సలహా రెండోదానికి పనికిరాదు.

ఎత్తు 2 అంగుళాలు పెంచితే చాలు. జిమ్నీలో ఆ మాత్రానికే క్యాస్టర్ కోణం (ముందు చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) తగ్గి హైవే మీద స్టీరింగ్ నిలకడ పోతుంది. ఇరుసు పక్కలకు జరగకుండా ఛాసిస్‌కు పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్, ఎత్తు పెరిగాక ఇరుసును ఓ పక్కకు లాగుతుంది. ఈ రెండింటినీ సరిచేసే క్యాస్టర్ బుష్‌లు, అడ్జస్టబుల్ పాన్‌హార్డ్ రాడ్ ఖర్చు ముందే కలుపుకోండి. ఇంతా చేసి, డిఫరెన్షియల్ హౌసింగ్ (ఇరుసు మీద గేర్లుండే ఉబ్బెత్తు డబ్బా) మాత్రం నేలకు పాత దూరంలోనే ఉంటుంది! దాన్ని లేపేది పెద్ద టైరొక్కటే.

బిగించేటప్పుడు పక్కనే ఉండండి. ఛాసిస్ కింద జాకీ పెట్టి, చక్రాలు వేలాడుతుండగా స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పించండి. బ్రేక్ గొట్టం బిగుసుకుంటే పొడవుది వేయాల్సిందే. రబ్బరు బుష్‌ల బోల్టుల చివరి బిగింపు బండి నేల మీద నిలిచాకే. గాల్లో బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. జిప్సీలో కమాన్ కట్టలను ఇరుసుకు బిగించే పాత యూ-బోల్టులు మళ్లీ వాడొద్దు. కొత్తవాటిని 500 కి.మీ. తర్వాత టార్క్ పానాతో (బిగింపు బలాన్ని కొలిచే పానా) సరిచూడండి.

ఆర్టీఏ అనుమతి, బీమా సంగతి డబ్బు కట్టకముందే అడగండి.